ఫ్రెంచి సిపాయిలకు 'ప్వాల్యూ' అన్న పేరు ఎలా వచ్చింది? గడ్డం వల్లేనా?

తణుకు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఒక డాక్యుమెంటరీ చూస్తున్నాను. ఫ్రెంచి కాల్బలం మాట వచ్చినప్పుడల్లా 'ప్వాల్యూ' అంటున్నారు. అంటే 'వెంట్రుకలవాడు' అనట. మోటుగా చెప్పాలంటే బొచ్చుగాడు. కందకాల్లో నెలల తరబడి గడ్డం గీసుకునే వీల్లేక అలా పిలిచారని ఒక్క ముక్కలో తేల్చేశారు.

వినడానికి బాగానే ఉంది కానీ నాకో డౌటు. గడ్డం ఫ్రెంచివాళ్ళకే పెరిగిందా? ఎదుటి కందకంలో జర్మన్లకీ, పక్కనున్న బ్రిటిష్‌వాళ్ళకీ పెరగలేదా? వాళ్ళకెందుకు రాలేదు ఆ పేరు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

మాజీ_సుబేదార్:
మంచి ప్రశ్న వేశావు బాబూ. బ్రిటిష్‌వాళ్ళ సంగతి నేను చెబుతాను. వాళ్ళ సైన్యంలో గడ్డం గీసుకోవాలి, మీసం మాత్రం గీయకూడదు. అది అలవాటు కాదు, నిబంధన. 1916 అక్టోబరులో జనరల్ మెక్‌రెడీ సంతకంతో దాన్ని ఎత్తేశారు. అంటే యుద్ధం సగం గడిచేదాకా మీసం తప్పనిసరి అయిన సైన్యం వాళ్ళది. అయినా వాళ్ళ సిపాయి పేరు 'టామీ'. అది సైనిక పత్రాలు ఎలా నింపాలో చూపించడానికి నమూనాగా రాసిన 'టామస్ ఆట్కిన్స్' అనే ఉత్తుత్తి పేరు నుంచి వచ్చింది. వెంట్రుకలతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇంకోటి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలారు. దాన్ని మొదట పీల్చింది ఫ్రెంచి దళాలే, అందులో అల్జీరియా నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత ప్రతివాడికీ మాస్కు ప్రాణంతో సమానమైంది. మాస్కు చర్మానికి అతుక్కోవాలి, గుబురు గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరుతుంది. 1914 చలికాలం ఫోటోల్లో కనిపించినన్ని గడ్డాలు 1917, 1918 ఫోటోల్లో కనపడవు. గడ్డాలేమో తగ్గాయి, పేరేమో దేశమంతా పాకింది. గడ్డమే కారణమైతే ఇదెలా కుదురుతుంది?

లియోన్_లలిత:
సుబేదార్ గారు సరైన చోట పట్టుకున్నారు. నేను భాష వైపు నుంచి చెబుతాను. ఆ మాట యుద్ధంలో పుట్టింది కాదు, అప్పటికే దానికి వందేళ్ళ వయసుంది.

బాల్జాక్ 1833లో అచ్చువేసిన 'పల్లె వైద్యుడు' నవలలో ఒక చోటు చూడండి. 1812లో నెపోలియన్ సేన మాస్కో నుంచి వెనక్కి వస్తూ బెరెజినా నది దాటాలి. మంచుగడ్డలు తేలే నీళ్ళలో దిగి వంతెన పని చేయాలి. జనరల్ ఎబ్లే దగ్గరున్న వంతెనల దళంలో ఆ పనికి 'చాలినంత ప్వాల్యూ' అయినవాళ్ళు 42 మందే దొరికారని ఆ నవల చెబుతుంది. ఒక పాత సిపాయి అలా అంటాడని రచయిత ప్రత్యేకంగా రాశాడు కూడా, అంటే అది సిపాయిల నోటి మాటే. ఇప్పుడు ఆలోచించండి. రష్యా చలిలో వారాల తరబడి నడిచి వచ్చిన సేనలో గడ్డం లేనివాడెవడు? అందరికీ గడ్డాలున్నా 'ప్వాల్యూ' అనిపించుకున్నది 42 మందే. ఆ మాటకు అర్థం గుండె ఉన్నవాడు, దమ్మున్నవాడు అని.

ఫ్రెంచిలో వెంట్రుక ఎక్కడుందన్నది ముఖ్యం. అరచేతిలో వెంట్రుక ఉందంటే వాడు ఒట్టి సోమరి అని. పని చేయని చేతికి అరుగుదల ఉండదు కాబట్టి అక్కడ కూడా మొలిచిందని వెక్కిరింపు. ఉండాల్సిన చోట ఉంటే మగాడు. ఆ చోటేదో సభామర్యాద కోసం నేను చెప్పను.

పాతపుటలు:
లలిత గారి మాటకు చిన్న చేర్పు. ఇంకా వెనక్కి వెళితే 1659 నాటి మోలియేర్ ప్రహసనంలో ఒక డాబుసరి పాత్ర తన స్నేహితుణ్ణి పొగుడుతూ 'మూడు పోగుల వీరుడు' అన్నట్టు అంటాడు. ఫ్రెంచిలో వెంట్రుకకూ, మఖమలు గుడ్డ మీది నూగుకూ ఒకటే మాట. మేలు రకం మఖమలు మూడు నూగులది. వీరుడిలో మేలు రకం అని చమత్కారం. కాబట్టి 'వెంట్రుక' అనగానే గడ్డమే గుర్తు చేసుకోనక్కర్లేదు.

అయితే గడ్డాన్ని పూర్తిగా తోసేయడం కూడా నాకు నచ్చదు. నెపోలియన్ సేనలో సాపర్లు, అంటే దారి చేసే పనివాళ్ళు, గొడ్డళ్ళు పట్టి, తోలు ఏప్రన్లు కట్టి, గుబురు గడ్డాలతో ముందు నడిచేవారు. విదేశీయులు చేరే ఫ్రెంచి దళం ఫారిన్ లీజన్‌లో ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. ఫ్రాన్స్ జాతీయ దినమైన జులై 14 కవాతులో నిమిషానికి 88 అడుగుల చొప్పున మెల్లగా నడిచే ఆ గడ్డాలవాళ్ళను టీవీలో చూసే ఉంటారు. గడ్డం సిపాయి మొండితనానికి గుర్తుగా ఫ్రెంచివాళ్ళ కళ్ళలో ముందునుంచీ ఉంది. మాట పాతదే అయినా, 1914 చలికాలంలో ఆ మాసిన మొహాల ఫోటోలు పత్రికల్లో వచ్చేసరికి మాటకీ బొమ్మకీ సరిగ్గా కుదిరింది. కుదరకపోతే వందేళ్ళుగా బ్యారకులో మూలపడి ఉన్న మాట అంత వేగంగా వీధిలోకి వచ్చేదా?

మలక్‌పేట_మస్తాన్:
మీసం మెలేసినోడే మగాడు అని మనం అనమా? అదే లెక్క, కాకపోతే వాళ్ళది కొంచెం కిందికి దిగింది 😀

మాజీ_సుబేదార్:
పాతపుటలు గారూ, ఫోటోలు కుదిరాయని ఒప్పుకుంటాను. కానీ కందకంలో ఉన్నవాడికి వెంట్రుక అంటే గర్వం కాదండీ, పీడ. పేలు. ఫ్రెంచి సిపాయిలు వాటికి 'తోతో' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. చొక్కా కుట్ల సందుల్లో, జుట్టులో ఎక్కడ చూసినా అవే. అందుకే తల దగ్గరగా కత్తిరించుకునేవారు. జుట్టు పెంచిన వీరుడు అన్న ఊహ వెచ్చగా ఇంట్లో కూచున్నవాడికే వస్తుంది.

తణుకు_కుర్రాడు:
అద్భుతంగా ఉంది చర్చ. మరి 1914కి ముందు ఫ్రెంచి సిపాయిని ఏమనేవారు? ఉన్న పేరు ఎందుకు పోయింది?

లియోన్_లలిత:
నాకు అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది.

యుద్ధానికి ముందు మామూలు కాల్బంటు ముద్దుపేరు 'ప్యూప్యూ'. కోడిపిల్ల కిచకిచల నుంచి వచ్చిన మాట. ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఎర్ర ప్యాంటు, నీలం కోటు, సెలవు రోజున పార్కులో పనిపిల్లల వెంట తిరిగేవాడు, కాస్త అమాయకుడు. పాటల్లో, కార్టూన్లలో ఈ బొమ్మే ఉండేది. ఆ ఎర్ర ప్యాంటు యుద్ధానికి పనికిరాదని ముందే గొడవ జరిగినా పట్టించుకోలేదు. అదే ఫ్రాన్స్ పరువు అన్నట్టు మాట్లాడారు. 1914 ఆగస్టు 22న ఒక్క రోజులో ఫ్రెంచి సైన్యం దాదాపు 27,000 మందిని పోగొట్టుకుంది. కోడిపిల్ల అన్న పేరు ఆ తర్వాత ఎవరి నోట వస్తుంది?

ఇంకో మార్పు కూడా జరిగింది. కందకాల్లో ఉన్నది ఇరవై ఏళ్ళవాళ్ళు మాత్రమే కాదు. రిజర్వులను పిలిచారు, వాళ్ళ తర్వాత టెరిటోరియల్స్‌ను, అంటే ముప్ఫై నాలుగు నుంచి నలభై దాటిన వయసువాళ్ళను కూడా పిలిచారు. పొలం, పెళ్ళాం, పిల్లలు ఉన్న మీసాల మనుషులు. టెరిటోరియల్స్‌ను 'పెపేర్' అనేవారు, తాతయ్య అన్నట్టుగా. ఈ మనుషులకు కోడిపిల్ల పేరు నప్పదు. 1915లో దుస్తులు కూడా మారాయి. లేత నీలం యూనిఫాం, ఆద్రియాన్ ఇనుప టోపీ వచ్చాయి. కొత్త మనిషి, కొత్త రంగు, కొత్త పేరు. కొత్తగా వచ్చే కుర్ర బ్యాచ్‌లకు మాత్రం ఆ నీలం రంగు మీద 'బ్లయే' అని ఒక పువ్వు పేరు పెట్టారు.

పాతపుటలు:
ఇది చాలా బాగా చెప్పారు. నెపోలియన్ కాలంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆయన సొంత కాపలా దళం ఓల్డ్ గార్డ్‌లోని ముసలి సిపాయిలు 'గ్రొన్యార్', అంటే సణిగేవాళ్ళు. చక్రవర్తి ఎదుటే సణుగుతారు, అయినా నడుస్తారు. 1813, 1814లో గడ్డం కూడా రాని కుర్రాళ్ళను సైన్యంలోకి లాగినప్పుడు వాళ్ళకు వచ్చిన పేరు 'మరీ లూయీజ్'. ఆ ఉత్తర్వు మీద రాణి సంతకం ఉంది కాబట్టి రాణిగారి పేరే. సిపాయి ముద్దుపేరు చూస్తే ఆ సైన్యం ఏ స్థితిలో ఉందో తెలిసిపోతుంది.

బెజవాడ_బుల్లోడు:
మధ్యలో వచ్చినందుకు సారీ. ఈ పేరు సిపాయిలే పెట్టుకున్నారా, బయటివాళ్ళు పెట్టారా? ఇంతవరకు ఎవరూ సూటిగా చెప్పలేదు.

లియోన్_లలిత:
మాట బ్యారకులదే, బుల్లోడు గారూ. యుద్ధానికి ముందే బ్యారకుల యాసలో ప్వాల్యూ అంటే ఒట్టి 'మనిషి', 'ఆసామి' అన్న అర్థం కూడా ఉండేది. 'నీ దగ్గర ఎంతమంది ప్వాల్యూలున్నారు?' అంటే ఎంతమంది జనం ఉన్నారు అనే. వీరత్వమూ లేదు, గడ్డమూ లేదు. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి విగ్రహంలా నిలబెట్టింది మాత్రం పత్రికలూ, ఊళ్ళో ఉండిపోయిన జనమూ.

1915 మొత్తం చూడండి. పోస్టుకార్డుల మీద ప్వాల్యూ, దుకాణం బొమ్మల్లో ప్వాల్యూ, నాటకాల్లో ప్వాల్యూ. ఆ ఏడాది చివర 'ప్వాల్యూ దినం' పేరుతో దేశమంతా చందాలు వసూలు చేశారు. స్టెన్‌లెన్, పుల్బో లాంటి పేరున్న చిత్రకారులు దానికి పోస్టర్లు వేశారు. ముక్కూమొహం తెలియని సిపాయికి ఉత్తరాలు, పొట్లాలు పంపే 'యుద్ధపు పెంపుడు తల్లులు' అనే ఏర్పాటు కూడా ఆ ఏడాదే వచ్చింది. ప్రతి అమ్మాయికీ ఉత్తరం రాయడానికి ఒక ప్వాల్యూ ఉండేవాడు.

ఆ పత్రికల్లో ప్వాల్యూ ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. బురదను లెక్కచేయడు, తూటాలంటే నవ్వొస్తుంది, సంగీను అంటే ప్రేమ. సిపాయిలు ఈ రాతలకు పెట్టిన పేరు 'బుర్రల్లో కూరడం'. ఆ కూరుడు చూసి ఒళ్ళు మండే, 1915 సెప్టెంబరులో 'ల కనార్ అన్‌షెనే' అనే వ్యంగ్య పత్రిక మొదలైంది. అది ఇప్పటికీ వస్తోంది.

మాజీ_సుబేదార్:
అందుకేనేమో కందకాల్లో ఉన్నవాళ్ళకు ఆ పేరంటే అంత మోజు లేదు. అల్బేర్ దోజా అనే భాషావేత్త యుద్ధం జరుగుతుండగానే అధికారులనూ, సిపాయిలనూ అడిగి వాళ్ళ యాసంతా పోగుచేసి 1918లో పుస్తకంగా వేశాడు. ప్వాల్యూ గడ్డం వల్ల పుట్టిన మాట కాదని గట్టిగా చెప్పినవాడూ ఆయనే. సిపాయిలు తమలో తాము 'బొనోమ్' అనుకునేవారు. మంచివాడు, మనవాడు అన్నట్టు. మా వైపు 'మన కుర్రాళ్ళు' అంటాం చూడండి, అలాంటిది.

ఇంకా ఉన్నాయి. 'బిఫాఁ' అంటే చిత్తుకాగితాలు, పాత గుడ్డలు ఏరుకునేవాడు. వీపు మీద పెద్ద మూట ఉంటుంది కదా, అందుకు. కాల్బలాన్ని మిగతా దళాలవాళ్ళు ఇప్పటికీ అలా ఆటపట్టిస్తారు. కందకాల్లో పుట్టినదాంట్లో నాకు నచ్చింది నాలుగక్షరాల పొట్టి పేరు, పే.సే.దే.ఎఫ్. దాన్ని విప్పితే 'ఫ్రంటులో ఉన్న పాపం వెర్రి వెధవలు' అని. అసలు తిట్టు ఇంకా ఘాటుగా ఉంటుంది. బిరుదులు, శాఖల పేర్లు అక్షరాలతో కుదించి రాసే ఆఫీసు పద్ధతిని వెక్కిరించారన్నమాట. సర్వీసులో ఉన్న ఎవడికైనా ఆ చిరాకు వెంటనే అర్థమవుతుంది.

పైవాడు నిన్ను వీరుడా అని పిలిచాడంటే ఏదో పని పడబోతోందని అర్థం. ఇది నా సొంత అభిప్రాయం, చరిత్ర కాదు.

పాతపుటలు:
సుబేదార్ గారూ, మీ మాట సగం నిజం. సిపాయిలకు ఆ పేరు గిట్టేది కాదని ఇప్పుడు చాలామంది గొప్పగా చెబుతారు. మరి వాళ్ళు స్వయంగా కందకాల్లో అచ్చువేసుకున్న పత్రికల పేర్లు చూడండి. 'ప్వాల్యూ' అన్న పేరుతోనే ఒకటి వచ్చింది, ఆ మాట కలిసిన పేర్లు ఇంకెన్నో. జెల్లీ మీద చేత్తో తిప్పి కాపీలు తీసిన ఒంటి పేజీల నుంచి బాగా అచ్చయిన వాటిదాకా వందల కొద్దీ పత్రికలు. 1915 ఆగస్టులో జాఁ గాల్తియే బ్వాసియేర్ మొదలుపెట్టిన 'ల క్రపుయో' వాటిలో ఒకటి. క్రపుయో అంటే కప్పలా ఉండే పొట్టి మోర్టారు. తనను ఊళ్ళోవాళ్ళు ఏమంటున్నారో తెలిసిన మనిషి ఆ మాటను తీసుకుని తనదైన కొంటెతనంతో వాడుకున్నాడు. అసహ్యించుకుంటే పత్రికకు ఆ పేరు పెడతాడా?

ఆంరీ బార్బూస్ నవల 'నిప్పు' కూడా చూడండి, 1916లో గోంకూర్ బహుమతి వచ్చినది. దాంట్లో సిపాయిల సంభాషణల నిండా ఈ మాట ఉంది, పరువుకూ కాదు, తిట్టుకూ కాదు. మామూలుగా.

మాజీ_సుబేదార్:
మన మధ్య ఒకరినొకరం అనుకుంటే ఒకటి, వార్తాపత్రిక అంటే ఒకటి మాస్టారూ. నేను చెప్పేది రెండోదాని గురించి.

లియోన్_లలిత:
ఇద్దరూ ఒకే చోటికి వస్తున్నారు 🙂 ఎవరు, ఎవరితో అంటున్నారన్నదే తేడా. 1915 జులై నుంచి సిపాయిలకు సెలవులు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్యారిస్ వచ్చి చూస్తే కాఫీ హోటళ్ళు కళకళలాడుతున్నాయి, వెనకాల భద్రమైన ఉద్యోగాల్లో దాక్కున్నవాళ్ళు తిరుగుతున్నారు. అలాంటివాళ్ళకు 'అంబుస్కే' అని పేరు. వాడు వచ్చి 'మా ప్వాల్యూలు' అని భుజం తడితే ఒళ్ళు మండదా?

1917 ఏప్రిల్ 16న షెమాఁ దే దామ్ దగ్గర జనరల్ నివెల్ మొదలుపెట్టిన దాడి విఫలమయ్యాక, ఎన్నో డివిజన్లలో జనం మళ్ళీ దాడికి వెళ్ళం అన్నారు. కందకం కాపలా కాస్తాం కానీ పిచ్చి దాడులకు పోము అని. నవ్వే ప్వాల్యూ బొమ్మకీ అసలు మనిషికీ మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు తెలిసింది. నివెల్ స్థానంలో జనరల్ పెతాఁ వచ్చి కొందరిని కాల్పించాడు, చాలామందికి సెలవులూ మంచి తిండీ ఇచ్చాడు.

మలక్‌పేట_మస్తాన్:
తిండి అంటే గుర్తొచ్చింది, వాళ్ళకు రోజూ వైన్ ఇచ్చేవారంట గదా? అదీ రేషన్‌ల?

లియోన్_లలిత:
ఔను అన్నా, ఎర్ర వైన్. 'పినార్' అనేవారు. మొదట పావు లీటరు, తర్వాత అర లీటరు, అలా పెంచుకుంటూ పోయారు. డబ్బా మాంసాన్ని 'కోతి' అనేవారు. పెద్ద ఫిరంగి గుండ్లు 'మర్మీత్', అంటే వంటగిన్నె. డాక్టరును 'తూబీబ్' అనేవారు, అది అరబ్బు మాట, ఉత్తర ఆఫ్రికా దళాల నుంచి వచ్చింది. మీ హైదరాబాద్‌లో తబీబ్ అంటారే, అదే.

మలక్‌పేట_మస్తాన్:
తబీబ్ ఫ్రాన్స్ దాకా పోయిందా! అయితే నాదీ ఒకటి వినండి. మనోళ్ళు ఒక ఫ్రెంచాయనకు పెట్టిన పేరు ఇప్పటికీ బస్సు బోర్డుల మీద ఉంది. నిజాం దగ్గర ఫ్రెంచి పద్ధతిలో పల్టన్లు తయారు చేసిన మిషెల్ రేమాఁ, 1798ల చనిపోయిండు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అన్నరు, హిందువులు మూసా రాం అన్నరు. అదే మా మూసారాంబాగ్. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. టాపిక్‌కు దూరమైతే మోడరేటర్ గారు తీసెయ్యండి.

మోడరేటర్:
ఉంచుతాం. ముద్దుపేరే కదా.

యానాం_వాసి:
ఫ్రాన్స్ సంగతి కాబట్టి మా ఊరి తరఫున ఒక మాట. 1954 దాకా యానాం ఫ్రెంచి ఇండియాలో భాగమని అందరికీ తెలుసు. ఆ యుద్ధానికి ఫ్రెంచి ఇండియా నుంచి కూడా సైనికులు వెళ్ళారు. చందర్‌నగర్ నుంచి 1916లో బెంగాలీ యువకుల బృందం ఒకటి వెళ్ళింది. పుదుచ్చేరి బీచ్ రోడ్డులో ఫ్రెంచి యుద్ధ స్మారకం ఉంది చూశారా, ఫ్రెంచి ఇండియా నుంచి వెళ్ళి చనిపోయినవాళ్ళ కోసం 1938లో ఆవిష్కరించింది అదే. జులై 14కి దానికి దీపాలు పెడతారు. చాలామంది ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని, ఏదో స్వాతంత్ర్య సమరం గుర్తు అనుకుని వెళ్ళిపోతారు.

నా ప్రశ్న ఏమిటంటే, వీళ్ళను కూడా ప్వాల్యూలు అన్నారా? లేక ఆ మాట తెల్లవాళ్ళకేనా?

పాతపుటలు:
చాలా అవసరమైన ప్రశ్న. ప్వాల్యూ అనగానే ఫ్రెంచి మనసులో మెదిలే బొమ్మ తెల్ల రైతుదే. స్మారకాలన్నీ ఆ బొమ్మే చెక్కాయి. ఆఫ్రికా దళాలకు విడిగా పేర్లుండేవి. 'సెనెగల్ తిరాయర్లు', అంటే సెనెగల్ తుపాకి సిపాయిలు అన్నారు, వాళ్ళలో చాలామంది అసలు సెనెగల్ వాళ్ళే కాదు, పడమటి ఆఫ్రికా అంతటి నుంచీ తెచ్చినవాళ్ళు. అల్జీరియా, మొరాకో దళాలకు వేరే పేర్లు. కలోనియల్ కాల్బలానికి 'మార్స్వాఁ' అని సముద్రపు జంతువు పేరు, ఓడల్లో వెళతారు కాబట్టి. అంటే ఒకే బురదలో చచ్చినా పేర్లు మాత్రం వేరువేరు గదుల్లో ఉండేవి.

ఫ్రంటు మారితే కూడా గౌరవం మారేది. గ్రీసులోని సలోనికా వైపు పంపినవాళ్ళను 'తూర్పు ప్వాల్యూలు' అన్నారు కానీ, 1917లో ప్రధాని అయిన క్లెమాన్సో వాళ్ళను 'సలోనికా తోటమాలులు' అని వెక్కిరించాడు. అక్కడ మలేరియాతో పోయినవాళ్ళెంతమందో ఆయనకు తెలియక కాదు.

బెజవాడ_బుల్లోడు:
అదే క్లెమాన్సో తన సమాధిలో ప్వాల్యూలు ఇచ్చిన పూలు పెట్టమన్నాడని విన్నాను. నిజమేనా?

పాతపుటలు:
నిజమే. 1918 జులైలో షాంపేన్ ప్రాంతంలో ఫ్రంటు చూడటానికి వెళ్ళినప్పుడు, దాడి రాబోతోందని తెలిసిన సిపాయిలు దుమ్ము పట్టిన పొలం పూలు కోసి ఇచ్చారు. 1929లో చనిపోయినప్పుడు ఆయన కోరినట్టే వాటిని వెంట పెట్టారు. రాజకీయ నాయకుల్ని ఒక్క రంగుతో రాసేయలేం మరి.

తణుకు_కుర్రాడు:
స్మారకాలు అన్నారు కదా. ఫ్రాన్స్‌లో ప్రతి ఊళ్ళో ఉంటాయట. లలిత గారూ, మీరు చూసినవి ఎలా ఉంటాయి?

లియోన్_లలిత:
ప్రతి ఊళ్ళో అన్నది అతిశయోక్తి కాదు. సుమారు 14 లక్షల మంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు, పేర్లు లేని ఊరంటూ దాదాపు లేదు. గుడి పక్కనో మేయరు ఆఫీసు ముందో ఒక రాయి, దాని మీద పేర్లు. చాలాచోట్ల ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు వరసగా ఉంటుంది.

విగ్రహం పెట్టుకునే స్తోమత ఉన్న ఊళ్ళు కేటలాగు చూసి ఆర్డరిచ్చేవి. యజేన్ బెనే అనే శిల్పి చేసిన 'విజేత ప్వాల్యూ' దాదాపు 900 ఊళ్ళలో ఉందంటారు. ఒక చేత తుపాకి, పైకెత్తిన చేతిలో లారెల్ ఆకుల దండ, కోటు అంచులు గాలికి ఎగురుతూ. మీసాలు దువ్వి ఉంటాయి, గడ్డం ఉండదు! డాక్యుమెంటరీవాళ్ళు ఆ బొమ్మల్ని ఒకసారి దగ్గరగా చూసి ఉంటే గడ్డం కథ అంత ధైర్యంగా చెప్పేవాళ్ళు కాదేమో.

మాజీ_సుబేదార్:
పేరు తెలియని సైనికుడి సమాధి కోసం జరిగిన ఎంపిక గురించి కూడా చెప్పండి, నేను సర్వీసులో ఉండగా విన్న కథ అది.

లియోన్_లలిత:
1920 నవంబరు 10న వెర్దాఁ కోటలో ఎనిమిది శవపేటికలు పెట్టారు, గుర్తు తెలియని ఎనిమిది మందివి. ఒగ్యూస్త్ తాఁ అనే కుర్ర సిపాయికి పూలగుత్తి ఇచ్చి ఒకదాన్ని ఎంచమన్నారు. అతనిది 132వ రెజిమెంటు. ఒకటి, మూడు, రెండు కూడితే ఆరు అని, ఆరో పేటిక మీద పూలు పెట్టాడు. ప్యారిస్‌లో విజయ తోరణం కింద ఉన్నది ఆ పేటికే.

యానాం_వాసి:
అంటే అక్కడ పడుకున్నది ఏ దేశంవాడో కూడా తెలియదన్నమాట. నా ప్రశ్నకు కొంత జవాబు దొరికింది.

పాతపుటలు:
ఫ్రెంచి సైనికుడే అని చూసుకునే ఎనిమిదింటినీ తెచ్చారు లెండి. కానీ మీ ప్రశ్నకు ఇంకా మంచి జవాబు చిట్టచివరి ప్వాల్యూ దగ్గర ఉంది. ఆయన పుట్టుకతో ఫ్రెంచివాడే కాదు.

లజార్ పొంతిచెల్లి 1897 డిసెంబరులో ఇటలీలోని బెత్తోలాలో పుట్టాడు. పూట గడవని ఇల్లు. పిల్లాడిగా ఉండగానే ఒక్కడే ప్యారిస్ చేరి, పొగగొట్టాలు తుడిచాడు, పేపర్లు అమ్మాడు. 1914లో వయసు దాచి, పదహారేళ్ళకే ఫారిన్ లీజన్‌లో చేరాడు. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగాక అతన్ని ఇటలీ సైన్యం రమ్మంది. వెళ్ళనని మొరాయిస్తే పోలీసులు వెంట ఉండి తీసుకెళ్ళారు. మిగతా యుద్ధం ఆల్ప్స్ కొండల్లో ఇటలీ తరఫున చేశాడు. ఫ్రెంచి పౌరసత్వం 1939లో గానీ రాలేదు.

2005లో అధ్యక్షుడు షిరాక్, చివరి ప్వాల్యూ ఎవరైతే వారికి జాతీయ స్థాయిలో అంత్యక్రియలు చేస్తామన్నాడు. పొంతిచెల్లి వద్దన్నాడు. తన ముందు పోయిన లక్షలమందికి దక్కనిది తనకెందుకని ఆయన వాదన. 2008 జనవరిలో లూయీ ద కజ్‌నావ్ పోయాక ఈయనొక్కడే మిగిలాడు. ఆర్భాటం లేకుండా, చనిపోయిన అందరి పేరా చేస్తేనే అని చివరికి ఒప్పుకున్నాడు. 2008 మార్చి 12న 110 ఏళ్ళ వయసులో పోయాడు. 17న ప్యారిస్‌లోని సైనిక స్మారక భవనం ఇన్వాలీద్‌లో అధ్యక్షుడు సర్కోజీ ముందు ఆ కార్యక్రమం జరిగింది.

మాజీ_సుబేదార్:
పేరు వద్దని చెప్పగలిగే హక్కు ఆయనకుంది. నా దృష్టిలో బెరెజినా నీళ్ళలో దిగిన 42 మందితో పాటు ఈయన్నీ లెక్కవేయాలి.

బెజవాడ_బుల్లోడు:
ఫ్రెంచివాళ్ళది అయ్యింది. జర్మన్లను 'బోష్' అనేవారు కదా, అదెక్కడిది?

మోడరేటర్:
బుల్లోడు గారూ, దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇది ఇప్పటికే పొడుగైంది. లలిత గారూ, అక్కడా మీరే మొదలుపెట్టాలి.

లియోన్_లలిత:
రేపు ఆదివారం కదా, రాస్తాను. అది తిట్టు మాట, కాస్త జాగ్రత్తగా రాయాలి. అందాకా మస్తానన్న ఆస్మాన్‌గఢ్ సమాధి ఫోటో ఒకటి పెడితే చూస్తాం.